మొక్కల వేళ్లలోని సహజ రసాయనాలను గుర్తించడం: జీసీ-ఎంఎస్ పట్టిక చేతికి వచ్చాక చేయాల్సిన పని

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నంతలో ముందు చెబుతాను. సుగంధిపాల వేళ్లను నీడలో ఆరబెట్టి, పొడి చేసి, సాక్స్‌లెట్‌లో (ద్రావకాన్ని మరిగిస్తూ పొడి గుండా పదేపదే పంపే గాజు పరికరం) మిథనాల్‌తో సారం తీశారు. దాన్ని జీసీ-ఎంఎస్‌లో (మిశ్రమాన్ని ఆవిరిగా మార్చి, భాగాలను విడదీసి, ఒక్కోదాని అణువులను విరగగొట్టి తునకల బరువులను స్పెక్ట్రమ్‌గా చూపే యంత్రం) పెడితే 34 పేర్లతో ఒక పట్టిక వచ్చింది. అందులో అన్నిటికన్నా పెద్ద పీక్ (గ్రాఫ్‌లో ఎత్తుగా లేచే శిఖరం) హెక్సాడెకనోయిక్ ఆమ్లపు మిథైల్ ఎస్టర్. ఇంకో పెద్ద పీక్‌కు యంత్రంలోని లైబ్రరీ (తెలిసిన సమ్మేళనాల స్పెక్ట్రమ్‌ల సేకరణ) మొదటి పేరుగా వెనిలిన్, రెండో పేరుగా 2-హైడ్రాక్సీ-4-మిథాక్సీ బెంజాల్డిహైడ్ ఇచ్చింది. రెండింటి మధ్య తేడా చాలా తక్కువ. ఈ 34 సమ్మేళనాలూ ఈ వేరులో ఉన్నాయని థీసిస్‌లో రాయవచ్చా, రాయకూడదంటే ఇంకేం చేయాలి అన్నది మీ సందేహం. రంగు పరీక్షలు ఎంతవరకు పనికొస్తాయని కూడా అడిగారు.

అలా రాయకండి. లైబ్రరీ ఇచ్చే పేరు ఒక సూచన మాత్రమే. దాన్ని గుర్తింపుగా మార్చాలంటే దానితో సంబంధం లేని మరో సాక్ష్యం కావాలి. వీలైతే అసలు స్టాండర్డ్‌తో, అంటే ఆ సమ్మేళనపు తెలిసిన శుద్ధ నమూనాతో, నేరుగా పోల్చాలి. సహజ రసాయనాల పనిలో నేను నేర్చుకున్నదంతా దాదాపు ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

మీ పట్టికలోని వెనిలిన్ సంగతే చూద్దాం. వెనిలిన్‌లో 8 కార్బన్లు, 8 హైడ్రోజన్లు, 3 ఆక్సిజన్లు ఉంటాయి. 2-హైడ్రాక్సీ-4-మిథాక్సీ బెంజాల్డిహైడ్‌లోనూ సరిగ్గా అంతే. రెండింటి అణుభారం 152. బెంజీన్ వలయం మీద ఉన్న గుంపులూ అవే, అవి కూర్చున్న చోట్లు మాత్రమే వేరు. ఎలక్ట్రాన్ల దెబ్బకు రెండూ దాదాపు ఒకేలా విరుగుతాయి, 152, 151 బరువుల దగ్గర పెద్ద పీకులు రెండింట్లోనూ వస్తాయి. అలాంటప్పుడు లైబ్రరీ ఏ పేరును పైన పెట్టిందన్నది చిన్న చిన్న పీకుల ఎత్తుల మీద, ఆ రోజు యంత్రం ఉన్న తీరు మీద ఆధారపడుతుంది. మ్యాచ్ 90 శాతం అంటే ఆ సమ్మేళనం అదే అయ్యే అవకాశం 90 శాతం అని కాదు. మీ స్పెక్ట్రమ్‌కూ లైబ్రరీలోని స్పెక్ట్రమ్‌కూ పోలిక అంత ఉందని మాత్రమే. అదే స్పెక్ట్రమ్ ఇచ్చే ఐసోమర్‌కు (ఫార్ములా ఒకటే, అమరిక వేరైన అణువుకు) కూడా అదే 90 వస్తుంది. ఇంకో విషయం, లైబ్రరీలో లేని పదార్థం మీ సారంలో ఉంటే యంత్రం చాలాసార్లు ఊరుకోదు, ఉన్నవాటిలో దగ్గరగా కనిపించేదాని పేరు ఇచ్చేస్తుంది.

సుగంధిపాల వేరు వాసనకు ప్రధాన కారణం 2-హైడ్రాక్సీ-4-మిథాక్సీ బెంజాల్డిహైడ్ అని ఎప్పటినుంచో తెలుసు. కాబట్టి మీ పీక్ అదే అయ్యే అవకాశం ఎక్కువ. కానీ "ఇంతకుముందు ఎవరో రాశారు, కాబట్టి ఇదీ అదే" అనడం కూడా సాక్ష్యం కాదు. దాన్ని మీ నమూనాలో మీరే ఎలా నిరూపించాలో తర్వాత చెబుతాను, ఎందుకంటే ఈ సమ్మేళనం విషయంలో ఆ పని నిజంగా తేలిక.

ముందు మిగతా 33 పేర్ల గురించి మాట్లాడుకుందాం. బ్లాంక్ నడిపారా? వేరు పొడి లేకుండా, అదే థింబుల్ (పొడి నింపే గొట్టం), అదే మిథనాల్, అన్నే గంటలు, అదే విధంగా ఆవిరి చేసి, ఆ మిగిలినదాన్ని జీసీ-ఎంఎస్‌లో పెట్టాలి. ఈ ఒక్క పనితో పట్టికలో కొన్ని పేర్లు ఖాయంగా ఎగిరిపోతాయి. 149 దగ్గర అతి పెద్ద పీక్ ఉన్నది చాలావరకు థాలేట్, అంటే ప్లాస్టిక్ నుంచి వచ్చిన ప్లాస్టిసైజర్. 73, 207, 281 ఉన్నవి సిలోక్సేన్లు, అవి కాలమ్ (యంత్రంలో భాగాలను విడదీసే సన్నని గొట్టం) పూత నుంచీ, సూది గుచ్చే రబ్బరు మూత అయిన సెప్టమ్ నుంచీ వస్తాయి. "ఈ మొక్క వేరులో థాలేట్ ఉంది" అని రాసిన పత్రాలు ఎన్నో చూశాను, చూసిన ప్రతిసారీ బాధ కలుగుతుంది.

నాకూ ఇలాంటి అనుభవం ఉంది. పని మొదలుపెట్టిన రోజుల్లో ఒక వేరు సారం నుంచి విడదీయడానికి వాడే గాజు కాలమ్ మీద రంగులేని నూనెలాంటి ఫ్రాక్షన్ (విడదీసిన ఒక భాగం) వచ్చింది. టీఎల్‌సీలో (పలుచని పూత ఉన్న ప్లేటు మీద భాగాలను మచ్చలుగా విడదీసే పద్ధతి) ఒకే మచ్చ. కొత్త సమ్మేళనం అనుకుని నెలల తరబడి దాన్ని ఇంకా ఇంకా శుద్ధి చేశాను. చివరికి ఎన్ఎంఆర్ (అయస్కాంత క్షేత్రంలో అణువులోని హైడ్రోజన్లు, కార్బన్లు ఎలా అమరాయో చూపే స్పెక్ట్రమ్) తీస్తే 7.7, 7.5 పీపీఎం (ఎన్ఎంఆర్ కొలమానం) దగ్గర రెండు చక్కటి గుంపులు, 4.2 దగ్గర ఇంకొకటి, ఆపైన కొవ్వు గొలుసు సంకేతాలు. అది డైఇథైల్‌హెక్సైల్ థాలేట్. ద్రావకాన్ని నిల్వ చేసిన ప్లాస్టిక్ డబ్బా నుంచి దిగింది. మొదటి వారమే ఒక బ్లాంక్ నడిపి ఉంటే ఆ నెలలన్నీ మిగిలేవి. అప్పటినుంచి ద్రావకాలను గాజు సీసాల్లోనే ఉంచుతాను, ప్రతి కొత్త సీసాలోంచి కొంత తీసి ఆవిరి చేసి ఏం మిగులుతుందో చూస్తాను.

ఇక హెక్సాడెకనోయిక్ ఆమ్లపు మిథైల్ ఎస్టర్. ఇది వేరులో పుట్టిందా, మీ సాక్స్‌లెట్‌లో పుట్టిందా? వేరులో కొవ్వు ఆమ్లాలు, గ్లిజరైడ్లు ఉంటాయి. వాటిని గంటల తరబడి మరిగే మిథనాల్‌లో ఉంచితే, వేరులో ఉన్న కాస్త ఆమ్లత్వమే ఉత్ప్రేరకంలా పనిచేసి మిథైల్ ఎస్టర్లు తయారు కావచ్చు. తేల్చడానికి సులువైన పద్ధతి ఉంది. అదే పొడిని ఇథనాల్‌తో, విడిగా హెక్సేన్‌తో సారం తీయండి. ఇథనాల్‌లో ఇథైల్ ఎస్టర్ కనిపించి, హెక్సేన్‌లో రెండూ లేకుండా ఆమ్లం, గ్లిజరైడ్లు మాత్రమే ఉంటే, మీ పట్టికలో అన్నిటికన్నా పెద్ద పీక్ మీరు తయారు చేసినదే.

సారం తీసేటప్పుడు పుట్టే ఇలాంటి పదార్థాలను ఆర్టిఫాక్టులు అంటాం. అనుభవం ఉన్నవాళ్లు కూడా వీటి వల్ల మోసపోయారు. జెన్షియానా జాతి వేళ్లలో జెన్షియానిన్ అనే ఆల్కలాయిడ్ (నైట్రోజన్ ఉన్న సహజ రసాయనం) దొరికిందని రాశారు. ఆల్కలాయిడ్లు విడదీయడానికి అమ్మోనియా వాడటం మామూలే కదా. ఆ వేళ్లలో పుష్కలంగా ఉండే జెన్షియోపిక్రోసైడ్ అనే చేదు పదార్థం అమ్మోనియాతో చర్య జరిపి జెన్షియానిన్‌గా మారుతుంది. నైట్రోజన్ వచ్చింది అమ్మోనియా సీసాలోంచి! అలాగే బెర్బెరిన్ ఉన్న వేళ్లను క్షారం సమక్షంలో ఎసిటోన్‌తో పనిచేస్తే ఎసిటోన్ వెళ్లి బెర్బెరిన్‌కు అతుక్కుంటుంది. ఆల్కలాయిడ్లు ఉన్న సారాన్ని డైక్లోరోమీథేన్‌లో రోజుల తరబడి వదిలేయడం కూడా మంచిది కాదు, అది కూడా కొన్నింటితో చర్య జరుపుతుంది. మీ విషయంలో మీకు కావాల్సింది ఆల్డిహైడ్ కాబట్టి ఇది గుర్తుంచుకోండి: మిథనాల్‌లో కొద్దిగా ఆమ్లం ఉన్నా ఆల్డిహైడ్ కొంత డైమిథైల్ ఎసిటాల్‌గా మారవచ్చు.

అసలు మార్పు సారం తీయకముందే మొదలవుతుంది. ముల్లంగిని కోస్తే గానీ ఆ ఘాటు పుట్టదు. బతికున్న కణంలో గ్లూకోసినోలేట్ ఒక చోట, మైరోసినేజ్ అనే ఎంజైమ్ ఇంకో చోట ఉంటాయి. కణం చితికితే రెండూ కలిసి ఘాటైన ఐసోథయోసయనేట్ తయారవుతుంది. అప్పుడు ముల్లంగి వేరులో ఉన్నది ఏది అనాలి? మీరు వేరును ఎలా పట్టుకున్నారన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. తవ్విన వెంటనే ద్రవ నైట్రోజన్‌లో గడ్డకట్టించి, ఎంజైమ్‌ను ఆపి చూస్తే ఒకటి కనిపిస్తుంది. మెల్లగా ఆరబెట్టి పొడి చేస్తే ఇంకొకటి. మంజిష్ఠకు దగ్గరి బంధువైన యూరప్ మాడర్ వేరు నుంచి 1826లో రోబికే, కొలాన్ అలిజరిన్ అనే ఎర్ర రంగును విడదీశారు. కానీ తాజా వేరులో అది ఎక్కువగా చక్కెరలతో కలిసి రుబెరిథ్రిక్ ఆమ్లంగా ఉంటుంది, చక్కెర భాగం ఊడాక అలిజరిన్ బయటపడుతుంది. అందుకే "వేరులో ఉంది" అని రాసే ముందు, ఏ స్థితిలో ఉన్న వేరు, ఎలా ఆరబెట్టినది, ఎంత ఉష్ణోగ్రతలో అన్నవి తప్పక రాయాలి. మామూలుగా 40 డిగ్రీల సెల్సియస్ దాటకుండా ఆరబెడతాం. వాసన ఉన్న వేళ్లయితే అదీ ఎక్కువే.

మొక్క గుర్తింపు గురించి చాలామంది ఒక్క వాక్యంతో సరిపెడతారు. ఎండిన వేళ్లు చూడటానికి ఒకేలా ఉంటాయి, వేరొక మొక్క వేళ్లు కలిసిపోవడం మామూలు. వేరుతో పాటు ఆకు, పువ్వు ఉన్న కొమ్మను వృక్షశాస్త్రజ్ఞుడికి చూపించి, నొక్కి ఆరబెట్టిన నమూనాను హెర్బేరియంలో (ఎండిన మొక్కల నమూనాలను భద్రపరిచే చోటు) పెట్టి, దాని సంఖ్య రాయండి. అలాగే మీరు వాడింది నిజంగా వేరేనా అన్నది కూడా చూసుకోండి. పసుపు, అల్లం వేళ్లు కావు, భూమిలో పెరిగే కాండాలు. వేరులో కూడా పైబెరడు, లోపలి చెక్క ఒకటి కావు. చాలా మొక్కల్లో రసాయనం ఎక్కువగా బెరడులోనే ఉంటుంది. పొడి చేసే ముందు రెంటినీ వేరు చేసి చూస్తే సగం గందరగోళం తగ్గుతుంది. మట్టిని బాగా కడగాలి, కానీ గంటల తరబడి నానబెట్టవద్దు, నీళ్లలో కరిగేవన్నీ పోతాయి.

ఇంకో పెద్ద సమస్య, జీసీ-ఎంఎస్ చూడలేనివి. ఆవిరి కాగలిగినవే ఆ యంత్రంలోంచి బయటికి వస్తాయి. వేళ్లలో ఎంతో ముఖ్యమైన గ్లైకోసైడ్లు (చక్కెర అతుక్కున్న సమ్మేళనాలు), సాపోనిన్లు (నురగనిచ్చేవి), టానిన్లు, చాలా ఆల్కలాయిడ్ లవణాలు అందులో కనిపించవు. కొన్నిసార్లు అంతకంటే తప్పుదారి పట్టిస్తాయి. చక్కెరలు ఎక్కువున్న మిథనాల్ సారాన్ని 250 డిగ్రీల ఇంజెక్టర్‌లోకి పంపితే అవి అక్కడే విరిగి హైడ్రాక్సీమిథైల్ ఫర్‌ఫ్యురాల్ లాంటివి వస్తాయి. మీ పట్టికలో ఆ పేరు ఉందేమో చూడండి, ఉంటుందనే అనుకుంటున్నాను.

కాబట్టి మిగతావాటి కోసం ఎల్‌సీ-ఎంఎస్ (ఆవిరి చేయకుండా ద్రవంలోనే భాగాలను విడదీసి బరువు తూచే యంత్రం) కావాలి. అందులో కూడా ఇదే జాగ్రత్త. అతిమధురం వేరులోని గ్లిసిరైజిన్ దీనికి మంచి ఉదాహరణ. పాజిటివ్ మోడ్‌లో (ధనావేశం ఉన్న అయాన్లను చూసే విధానం) 823 దగ్గర కనిపిస్తుంది. విరగగొడితే 647, తర్వాత 471. రెండుసార్లూ పోయింది 176, అంటే గ్లూక్యురోనిక్ ఆమ్లపు తునక. 162 పోతే గ్లూకోజ్ లాంటి చక్కెర, 146 పోతే రామ్నోజ్ లాంటిది, 132 పోతే ఐదు కార్బన్ల చక్కెర. ఈ నాలుగు అంకెలు గుర్తుంటే చాలా గ్లైకోసైడ్ల ఎముకల గూడు కళ్లకు కడుతుంది. అయితే 162 పోయిందన్న మాట అది గ్లూకోజా, గాలక్టోజా అన్నది చెప్పదు. 22 తేడాతో రెండు పీకులు కనిపిస్తే రెండు సమ్మేళనాలు అనుకోకండి, ఒకే అణువు ఒకసారి ప్రోటాన్‌తో, ఇంకోసారి సోడియంతో వచ్చి ఉంటుంది.

పైన మిగిలిన ఆ 471 గ్లిసిరెటినిక్ ఆమ్లానిది. అశ్వగంధలోని విథాఫెరిన్-ఏ కూడా పాజిటివ్ మోడ్‌లో 471 దగ్గరే వస్తుంది! మామూలు యంత్రానికి రెండూ ఒకటే. హై రిజల్యూషన్ యంత్రం మొదటిదాన్ని 471.347గా, రెండోదాన్ని 471.274గా చూపించి తేడా పట్టేస్తుంది. అక్కడితో అయిపోయిందా అంటే లేదు. అశ్వగంధలోనే విథాఫెరిన్-ఏ, విథనోలైడ్-ఏ, విథనోన్, 12-డీఆక్సీ విథాస్ట్రామోనోలైడ్ నాలుగింటి ఫార్ములా ఒకటే: 28 కార్బన్లు, 38 హైడ్రోజన్లు, 6 ఆక్సిజన్లు. ఎంత ఖరీదైన యంత్రమైనా బరువు తూచి వీటిని వేరు చేయలేదు. నాలుగు స్టాండర్డ్లనూ అదే కాలమ్ మీద, అదే రోజు నడిపి, ఏది ఏ నిమిషంలో వస్తుందో చూసి, విరిగే తీరునూ పోల్చి చెప్పాలి. ఇది పుస్తకాల్లోని పట్టింపు అనుకోవద్దు. విథాఫెరిన్-ఏ ఆకుల్లో సాధారణంగా ఎక్కువ. వేరు పొడిలో ఆకు కలిపారా లేదా తేల్చడానికి ఈ సమ్మేళనాల నిష్పత్తి ఒక ఆధారం. వీటిని తారుమారు చేస్తే ఆ నిర్ణయమే తప్పవుతుంది.

2007లో మెటబొలోమిక్స్ (జీవుల్లోని చిన్న అణువుల అధ్యయనం) పరిశోధకులు ఈ విషయంలో ఒక పద్ధతి పెట్టారు, నాలుగు స్థాయిలు. స్టాండర్డ్‌తో ఒకే పరిస్థితుల్లో, రెండు స్వతంత్ర ఆధారాలతో సరిపోలితే మొదటి స్థాయి, అప్పుడే దాన్ని గుర్తించాం అనాలి. లైబ్రరీ స్పెక్ట్రమ్‌తో మాత్రమే సరిపోలితే రెండో స్థాయి, అంటే తాత్కాలిక గుర్తింపు. ఏ కుటుంబమో మాత్రమే తెలిస్తే మూడు, అసలేమీ తెలియకపోతే నాలుగు. మీ పట్టికలో ప్రతి పేరు పక్కన ఈ స్థాయి రాయండి. బ్లాంక్‌లో కనిపించినవి తీసేశాక మిగిలిన వాటిలో చాలావరకు రెండో స్థాయి అవుతాయి. అలా రాయడంలో చిన్నతనం లేదు. పరీక్షించేవాళ్లు కూడా ఆ నిజాయితీని గౌరవిస్తారు.

రంగు పరీక్షల గురించి కూడా అడిగారు. డ్రాజెండార్ఫ్ అనే పరీక్ష ద్రావణం నారింజ రంగు ఇస్తే ఆల్కలాయిడ్ ఉండవచ్చు, నురగ నిలిస్తే సాపోనిన్ ఉండవచ్చు. దారి చూపడానికి పనికొస్తాయి, అంతకు మించి బరువు వాటి మీద పెట్టకండి. టీఎల్‌సీ మాత్రం నాకు ఎంతో ఇష్టమైన పని. 254, 366 నానోమీటర్ల కింద చూసి, తర్వాత అనిసాల్డిహైడ్-సల్ఫ్యూరిక్ ఆమ్లం చల్లి వేడి చేస్తే ఒక్క ప్లేటు మీద వేరు గురించి ఎంతో తెలుస్తుంది. సారం, స్టాండర్డ్, రెండూ కలిపిన మచ్చ, ఈ మూడూ పక్కపక్కనే పెట్టి, కనీసం రెండు వేరువేరు ద్రావక మిశ్రమాల్లో నడపండి. కలిపిన మచ్చ రెండుగా చీలితే మీ ఊహ తప్పని అక్కడికక్కడే తెలిసిపోతుంది.

కాలమ్ చేసేటప్పుడు జిగురుగా, అసహ్యంగా ఉన్న ఫ్రాక్షన్లను పారేయకండి. సర్పగంధి వేరు నుంచి 1931లోనే సలీముజ్జమాన్ సిద్దిఖీ, రఫత్ హుస్సేన్ సిద్దిఖీ అజ్మలీన్ సహా చక్కగా స్ఫటికాలు కట్టే ఆల్కలాయిడ్లను విడదీశారు. కానీ ఆ వేరుకు అంత పేరు తెచ్చిన రిసర్పిన్ దొరికింది 1952లో, సీబా అనే మందుల సంస్థ ప్రయోగశాలలో ముల్లర్, ష్లిట్లర్, బైన్ చేతుల్లో. అది ఉన్నది స్ఫటికాల్లో కాదు, రెసిన్‌లాంటి ముద్ద భాగంలో.

ఇప్పుడు మీ పీక్ దగ్గరకు వద్దాం. మొదటి పని రిటెన్షన్ ఇండెక్స్, అంటే ఆల్కేన్లతో పోలిస్తే మీ పీక్ ఎప్పుడు వస్తుందో చెప్పే అంకె. అదే కాలమ్, అదే ఉష్ణోగ్రత కార్యక్రమంతో ఆల్కేన్ల వరుసను నడిపి మీ పీక్ ఇండెక్స్ లెక్కించండి. 5 శాతం ఫినైల్ ఉన్న మామూలు కాలమ్ మీద వెనిలిన్ 1400 చుట్టుపక్కల వస్తుంది. మీది అంతకంటే చెప్పుకోదగ్గంత ముందు వస్తే వెనిలిన్ పేరు కొట్టేయవచ్చు. కారణం అణువులోనే ఉంది. 2-హైడ్రాక్సీ రకంలో ఓహెచ్ గుంపు పక్కనే ఉన్న ఆల్డిహైడ్ ఆక్సిజన్‌తో లోలోపలే హైడ్రోజన్ బంధం కట్టుకుంటుంది. పక్క అణువులను పట్టుకోవడానికి దానికి చెయ్యి ఖాళీ ఉండదు, అందుకే తేలిగ్గా ఆవిరవుతుంది. వెనిలిన్‌కు ఆ వీలు లేదు.

అదే గుణం మీకు దాన్ని విడదీసే దారి కూడా చూపిస్తుంది. తాజాగా దంచిన వేరును నీళ్లతో కలిపి ఆవిరి స్వేదనం చేయండి. ఆవిరితో పాటు ఈ ఆల్డిహైడ్ దాటి వస్తుంది, కొవ్వు ఎస్టర్లు, చక్కెరలు, రంగులు చాలావరకు వెనకే ఉండిపోతాయి. వచ్చిన నీటిని డైఇథైల్ ఈథర్‌తో రెండు మూడుసార్లు కడిగి, ఈథర్‌ను చల్లగా, మెల్లగా తీసేయండి. ఇక్కడ తొందరపడి వేడి, వాక్యూమ్ ఎక్కువ పెడితే మీ పదార్థం ఈథర్‌తో పాటే వెళ్లిపోతుంది. మిగిలినది గడ్డకడితే ద్రవీభవన స్థానం చూడండి. 2-హైడ్రాక్సీ-4-మిథాక్సీ అయితే 41 నుంచి 43 డిగ్రీలు, వెనిలిన్ అయితే 81 నుంచి 83. ఇంత తేడా ఉన్నప్పుడు పాతకాలపు ఈ పరీక్ష ఎంతో విలువైనది.

తర్వాత ఎన్ఎంఆర్. ప్రోటాన్ స్పెక్ట్రమ్‌కు ఒకటి రెండు మిల్లీగ్రాములు చాలు, కార్బన్‌కు ఐదు నుంచి పది ఉంటే సుఖం. డ్యూటరేటెడ్ క్లోరోఫాంలో తీయించండి, 7.26 దగ్గర కనిపించేది ద్రావకానిది, దాన్ని లెక్కలోకి తీసుకోకండి. వలయం మీది ప్రోటాన్లలో ఒకటి 7.4 దగ్గర 8.6 హెర్ట్జ్ జంటగా, మిగతా రెండు 6.4, 6.5 దగ్గర, వాటి మధ్య 2.4 హెర్ట్జ్ చిన్న చీలిక కనిపిస్తే గుంపులు 2, 4 స్థానాల్లో ఉన్నట్టే. వెనిలిన్‌కైతే వలయపు ప్రోటాన్లు మూడూ 7 పైనే ఉంటాయి. ఒక సంగతి ముందే చెబుతున్నాను: చాలాచోట్ల స్పెక్ట్రమ్‌ను 10 పీపీఎం వరకే ముద్రించి ఇస్తారు. 13 వరకు చూపించమని అడిగి తీసుకోండి. ఆ లోపలి హైడ్రోజన్ బంధంలో ఉన్న ఓహెచ్ ప్రోటాన్ 11.5 దగ్గర, ఒంటరిగా, సన్నగా నిలబడుతుంది. వెనిలిన్ ఓహెచ్ 6.2 దగ్గరే ఆగిపోతుంది. కాగితం చేతికి రాగానే ముందు అక్కడ చూడండి.